పికప్ పోయింది ఒక చోట, వెతకతా ఉండేది ఇంకో చోట

మన చిత్తూరు, తిరపతి పక్క పిల్లకాయల నోట్లో ఇప్పుడు నలగతా ఉండే మాట 'బూస్ట్'. పాలల్లో కలుపుకునే బూస్ట్ కాదు. టర్బో బండిలో ఇంజిన్ లోపలికి గాలిని తోసే ఒత్తిడి. ఆ ఒత్తిడిని అదుపులో పెట్టేదానికి ఒక చిన్న వాల్వు ఉంటాది. దాన్ని పీకేసి 'రేసింగ్' వాల్వు బిగిస్తే బండి గాల్లో తేలిపోతాదని చెన్నై నించీ, బెంగుళూరు నించీ రీల్స్ మీద రీల్స్ వస్తా ఉండాయి. అవి చూసేది పాకాలలో, పుంగనూరులో, సత్యవేడులో. అప్పు చేసి దుడ్లు కట్టేది కూడా ఆ ఊర్లోళ్ళే.

ఇది కార్ల పిచ్చోళ్ళ యావారం, భూములు, కూలిరేట్ల గురించి రాసేవాడివి నీకెందుకన్నా అని అడగచ్చు. నీ బండికి టర్బో రావడం వెనకాల గవర్నమెంటు పన్ను ఉండాది. దాన్ని తయారు చేసే ఫ్యాక్టరీలు మన నేల మీద ఉండాయి. దాన్ని మారిస్తే పడే శిక్ష నీ ఒక్కడి నెత్తిన ఉండాది. ఇది రాజకీయం కాకపోతే ఇంకేంది?

ముందు పన్ను సంగతి చూద్దాం. 2006 బడ్జెట్‌లో చిన్న కార్లకి ఎక్సైజ్ పన్ను 24 శాతం నించి 16 శాతానికి తగ్గించినారు. చిన్న కారు అంటే 4 మీటర్ల లోపల పొడుగు, పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ దాటని ఇంజిన్. ఆ గీత పోయిన ఏడాది కూడా మారలేదు. 2025 సెప్టెంబర్ 22 నించి జీఎస్టీ తగ్గించినప్పుడు ఇదే కొలతల బండ్లకి 28 శాతం, దానిపైన సెస్సు పోయి 18 శాతం అయింది. గీత దాటినోళ్ళకి 40. కంపెనీ వాడు ఏం చేస్తాడు? ఇంజిన్ని గీత లోపలికి కుదిస్తాడు. కుదిస్తే బలం తగ్గతాది. తగ్గిన బలాన్ని గాలితో పూడ్చేదానికి టర్బో పెడతాడు. సోనెట్‌లో 998 సీసీ టర్బో ఇంజిన్ 120 హార్స్‌పవర్ ఇస్తా ఉండేది అందుకే. అంటే తమ్ముడూ, నీ బండిలో టర్బో రేసుల కోసం పుట్టలేదు. పన్ను మిగిలేదానికి పుట్టింది.

ఇవన్నీ యాడనో జపాన్‌లో చేస్తా ఉండారనుకుంటే పొరపాటు. పెనుకొండ పక్కన కియా ఫ్యాక్టరీ నించి సెల్టోస్ 2019లో బయటికొచ్చింది. 2016 ఏప్రిల్‌లో శ్రీసిటీలో ఇసుజు ఫ్యాక్టరీ తెరిచినారు, అక్కడ చేసే వి-క్రాస్ టర్బో డీజిల్ బండి. మన బార్డరు దాటి షోలింగర్ పక్క పోతే పులివలంలో టర్బో ఎనర్జీ అనే కంపెనీ టర్బోలే తయారు చేస్తాది. చిత్తూరు నించి బైకులో పొయ్యి రావచ్చు. చుట్టూరా టర్బోలే. అయినా మన పిల్లోళ్ళకి టర్బో గురించి చెప్పే మాస్టరు ఎవురయ్యా అంటే, మొబైల్లో 30 సెకన్ల రీల్.

సరే, ఆ వాల్వు ఏం చేస్తాదో చూద్దాం. డ్రిప్ పెట్టిన తోట ఉండేవాళ్ళకి ఇది బిన్నా అర్థమైతాది. బోరు మోటరు తోసే నీళ్ళన్నిటినీ లేటరల్ పైపుల్లోకి వదిలితే జాయింట్లు ఎగిరిపోతాయి. అందుకే ఫిల్టరు దగ్గర బైపాస్ వాల్వు పెట్టి, జాస్తి అయిన నీళ్ళని పక్కకి మళ్ళిస్తాము. టర్బోలో ఆ బైపాస్ పేరు వేస్ట్‌గేట్. సైలెన్సర్ పక్కకి పొయ్యే పొగ దారిలో ఒక చక్రం ఉంటాది. పొగ దాన్ని తిప్పతాది. అదే ఇరుసుకి ఇంకో కొస ఉండే చక్రం బయటి గాలిని నొక్కి ఇంజిన్‌లోకి తోస్తాది. ఈ చక్రాలు నిమిషానికి లక్షన్నర, రెండు లక్షల సార్లు తిరగతాయి. పొగ ఎక్కువైతే చక్రం వేగం ఎక్కువైతాది, గాలి ఒత్తిడి హద్దు దాటతాది. అప్పుడు వేస్ట్‌గేట్ తెరుచుకోని కొంత పొగని చక్రం మీదికి పోనీకుండా పక్కకి పంపేస్తాది.

దాన్ని తెరిచేది ఎవురు? టర్బో పక్కన డబ్బీ మాదిరి ఒకటి ఉంటాది, యాక్చువేటర్ అంటారు. లోపల ఒక రబ్బరు పొర, ఒక స్ప్రింగు. టర్బో తోసే గాలిలోనే రొంత సన్న పైపులో ఆ డబ్బీకి పోతాది. ఒత్తిడి స్ప్రింగుని గెలిస్తే కడ్డీ కదిలి గేటు తెరుచుకుంటాది. అంతవరకే ఉంటే బండికి ఎప్పుడూ ఒకటే బూస్ట్. కాకపోతే కంపెనీ వాళ్ళకి రెండో గేరులో ఒక లెక్క, ఐదో గేరులో ఇంకో లెక్క, ఇంజిన్ వేడెక్కితే వేరే లెక్క కావాల. అందుకని ఆ సన్న పైపు మధ్యలో కరెంటుతో పనిచేసే సోలెనాయిడ్ వాల్వు పెట్టినారు. ఇది సెకనుకి పదుల సార్లు తెరుచుకుంటా, మూసుకుంటా, డబ్బీకి పోవాల్సిన గాలిలో కొంత బయటికి వదిలేస్తాది. అంటే డబ్బీకి అబద్ధం చెప్తాది: 'బూస్ట్ ఇంకా రాలేదులే, గేటు తెరవద్దు' అని. ఎంత అబద్ధం చెప్పాలో నిర్ణయించేది ఈసీయూ, బండి మెదడు. బూస్ట్ కంట్రోల్ వాల్వు అంటే ఇదే. అగ్గిపెట్టెకి రొంత పెద్దది.

ఇప్పుడు అంగట్లో అమ్మే 'అప్‌గ్రేడ్' సంగతి. నిజంగా మంచి వాల్వులు ఉండాయి, లేవని నేను చెప్పను. మూడు దార్ల సోలెనాయిడ్ ఒకటి వస్తాది. అది డబ్బీకి పొయ్యే గాలిని పూర్తిగా అడ్డుకోగలదు, కంపెనీ వాల్వు కంటే బిన్నా స్పందిస్తాది, బూస్ట్ ఊగిసలాడకుండా నిలబెడతాది. పెద్ద టర్బో, పెద్ద ఇంజెక్టర్లు, గట్టి క్లచ్ పెట్టి ట్రాక్ మీద నడిపే బండికి అది కావాల్సిందే. అయితే వాల్వు తనంతట తాను ఒక్క హార్స్‌పవర్ కూడా పుట్టించదు. ఈసీయూ అడిగిన బూస్ట్‌ని ఇచ్చే పనిమనిషి అది. పనిమనిషిని మార్చి యజమాని మాట మార్చకపోతే ఏమైతాది? ఈసీయూలో రాసిపెట్టిన లెక్క అంతా పాత వాల్వుకి సరిపడేది. కొత్త వాల్వు అదే లెక్కకి ఎక్కువ బూస్ట్ ఇస్తాది. మెదడు గాబరా పడి పీ0234 అనే కోడ్ రాసి, చెక్ ఇంజిన్ లైటు వెలిగించి, బండిని లింప్ మోడ్‌లో పడేస్తాది. లింప్ మోడ్ అంటే బండి కుంటతా ఇంటికి చేరాల, అంతే. అందుకే వాల్వు వెనకాలే 'రీమ్యాప్' అనే ఇంకో బిల్లు వస్తాది.

ఇంకో రకం ఉండాది, అది మరీ ప్రమాదం. ఇత్తడి స్క్రూ మాదిరి చిన్న వాల్వు. సన్న పైపులో దూర్చి, చేత్తో తిప్పి గాలి వదిలేయడం. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరకతాది. దీనికి మెదడు లేదు, వేడి తెలీదు, గేరు తెలీదు. పొరపాటున ఆ పైపు ఊడిపోయిందంటే డబ్బీకి గాలే అందదు, గేటు అసలు తెరుచుకోదు, టర్బో తిరిగినంత తిరిగి ఇరిగిపోతాది.

డీజిల్ బండ్లల్లో చాలావాటికి వేస్ట్‌గేట్ ఉండదు, చక్రం చుట్టూ కదిలే రెక్కలు ఉంటాయి. వాటిని కదిలించేది గాలి ఒత్తిడి కాదు, వాక్యూమ్. కొత్త పెట్రోలు టర్బోల్లో చాలావాటికి గాలి పైపే లేదు, చిన్న మోటరు నేరుగా గేటు తిప్పతాది. దానికి 'బూస్ట్ వాల్వు అప్‌గ్రేడ్' అని ఎవడైనా అంటే వాడు బానెట్ ఎత్తి చూడలేదని అర్థం.

గాలి ఎంత బలమో చెప్పేదానికి ఒక లెక్క చెప్తా. సెల్టోస్‌లో టర్బో లేని 1.5 లీటర్ల పెట్రోలు ఇంజిన్ 115 హార్స్‌పవర్ ఇస్తాది. 2023లో వచ్చిన 1.5 టర్బో 160 ఇస్తాది. సైజు దాదాపు ఒకటే. పైన 45 గుర్రాలని కంపెనీ ఊరికే గాలి తోసి తేలేదు. దానికి తగిన పిస్టన్లు, ఇంటర్‌కూలర్, ఇంధనం చిమ్మే పద్ధతి, గేర్‌బాక్స్ అన్నీ పెట్టింది. మనోడు వాల్వు ఒకటి మార్చి ఇంకో ముప్పై గుర్రాలు కావాలంటాడు. పిస్టన్ పాతదే. క్లచ్ పాతదే. బ్రేకులు పాతవే.

బ్రేకుల మాట వచ్చింది కాబట్టి మన దార్లు చూడండి. 2022 మార్చిలో భాకరాపేట ఘాట్‌లో పెళ్ళి బస్సు లోయలో పడింది. 2024 సెప్టెంబర్‌లో మొగిలి ఘాట్‌లో బస్సూ లారీ గుద్దుకోని జనం పోయినారు. అవి టర్బో మార్చిన బండ్లని నేను చెప్పడం లేదు. ఈ ఘాట్లల్లో బండికి ఆగేదే ముఖ్యం అంటా ఉండా. ఎక్కేటప్పుడు కూడా టర్బోకి మన కొండలు కష్టమే. తొమ్మిది వందల మీటర్ల ఎత్తుకి పోతే గాలి పదో వంతు పలచబడతాది. హార్స్లీ హిల్స్ మీద ఇంకా పలచన. అదే బూస్ట్ ఇచ్చేదానికి టర్బో కింద కంటే వేగంగా తిరగాల. కంపెనీ వాడు ఆ కొండని కూడా లెక్కలో పెట్టుకోని కొంత మిగులు వదిలిపెట్టింటాడు. నువ్వు స్క్రూ తిప్పి ఆ మిగులంతా చంద్రగిరి దగ్గర చదును రోడ్డు మీదే ఖర్చు పెట్టేస్తే కొండ మీద ఏం మిగలతాది? దీనికి తోడు మన ఎండ. మే నెలలో రేణిగుంట రోడ్డు మీద ఇంజిన్ పీల్చే గాలే నిప్పు. వేడి గాలిని ఇంకా నొక్కితే పెట్రోలు ముందే అంటుకుంటాది, ఇంజిన్ లోపల సుత్తితో కొట్టినట్టు మోత వస్తాది. ఆ మోత రోజూ వస్తే పిస్టన్ పగలతాది.

ఇంగ తిరుమల కొండ. మన టాక్సీ పిల్లోళ్ళు బండి నడిపేది జాస్తి ఆ కొండ మీదే. అక్కడ ఎక్కేదానికి 28 నిమిషాలు, దిగేదానికి 40 నిమిషాలు టైము పెట్టినారు, ముందుగా చేరితే ఫైను. గుర్రాలు ఎన్ని పెంచుకున్నా పైన టోల్‌గేట్ దగ్గర గడియారం చూసుకుంటా నిలబడాల్సిందే. కాదు, నాకు వేగమే కావాల అనేవాడు శ్రీపెరంబుదూరు పక్క ఇరుంగాట్టుకోట్టైలో రేసు ట్రాక్ ఉండాది, తిరపతి నించి మూడు గంటల లోపల ప్రయాణం. అక్కడ అంబులెన్సు నిలబెట్టి నడపనిస్తారు. రాత్రి పూట బైపాస్‌లో రీల్ కోసం తొక్కేవాడికి అంబులెన్సు తర్వాత వస్తాది.

అయితే నాకు తెలిసి మన పక్క బూస్ట్ పెంచుకునే పిల్లోళ్ళల్లో రేసు పిచ్చోళ్ళు తక్కువ. జాస్తి మంది పికప్ పోయినోళ్ళు. లక్ష కిలోమీటర్లు దాటిన బండి, ఫైనాన్స్ మీద కొన్నది, ఏసీ వేసి ఐదు మందిని ఎక్కిస్తే ఘాట్ ఎక్కడం లేదు. పాకాల పక్క ఒక తమ్ముడు ఇట్లాంటోడే. కాణిపాకం, కాళాస్త్రి ట్రిప్పులు తోలతాడు. పాత డీజిల్ బండి. పికప్ తగ్గిందని పెద్ద ఊర్లో ఒక షాపుకి తీస్కపోతే వాల్వు, రీమ్యాప్ అని 45 వేలు గుంజినారు. రెండు వారాలు బాగా పోయింది. మూడో వారం మొగిలి ఘాట్‌లో, ముసిలోళ్ళని ఎక్కించుకోని పోతా ఉంటే లింప్ మోడ్. వెనకాల లారీలు. చివరికి పాకాలలో ఒక ముసలి మెకానిక్కు చేత్తో తడిమి కనిపెట్టినాడు: వాక్యూమ్ పైపు పగిలి ఉండాది. మొదట పికప్ పోయింది దాని వల్లే. 150 రూపాయల రబ్బరు పైపు. కొత్త ప్రోగ్రాం ఇంకా బూస్ట్ కావాలని అడగతా ఉంటే, పగులు పెద్దదై, అడిగిందానికీ వచ్చిందానికీ పొంతన లేక మెదడు చేతులెత్తేసింది. వాల్వు అమ్మినోడు ఆ పైపుని ముట్టుకోని కూడా చూడలేదు.

అందుకే చెప్తా ఉండా, వాల్వు మాట ఎత్తే ముందు ఈ పన్లు చెయ్యి. ఎయిర్ ఫిల్టరు తీసి చూడు. టర్బో నించి ఇంటర్‌కూలర్‌కి పొయ్యే లావు పైపు క్లిప్పుల దగ్గర నూనె చెమట ఉంటే అక్కడ గాలి కారతా ఉండాదని గుర్తు. సన్న పైపులన్నీ వంచి చూడు, పగుళ్ళు బయటపడతాయి. చేత్తో లాగే వాక్యూమ్ పంపు తగిలిస్తే యాక్చువేటర్ కడ్డీ సాఫీగా కదలాల, కదిలి నిలబడాల. జారిపోతే పొర చినిగింది. తట్టుకుంటా కదిలితే రెక్కలకి మసి పట్టింది. స్కానర్ పెడితే పీ0299 వచ్చిందా, అది బూస్ట్ తక్కువైందని చెప్తాది, వాల్వు చెడిందని కాదు. సోలెనాయిడ్ నిజంగానే పోయిందని తేలితే, కంపెనీ నంబరుదే కొత్తది వెయ్యి. అదే నీకు మంచి అప్‌గ్రేడ్.

పెట్రోలు బండోళ్ళకి ఇంకో మాట. ఇప్పుడు పంపుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపింది. లీటరు ఇథనాల్‌లో పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ శక్తి ఉంటాది. మైలేజీ కొన్ని బండ్లల్లో 3 నించి 6 శాతం తగ్గచ్చని 2025 ఆగస్టులో కేంద్రమే చెప్పింది. ఆ తగ్గుడుని చూపించి 'బూస్ట్ పెంచితే సరిపోతాది' అని అమ్ముతా ఉండారు. పంపులో పోయింది వాల్వులో దొరకదు నాయనా.

ఇప్పుడు చట్టం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేట్టు యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణలో 182ఏ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్ తెచ్చినారు: బండిని మార్చిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5 వేల ఫైను, లేదా రెండూ. బండి గుద్దుకోని నీ డ్యామేజీ క్లెయిమ్‌కి పోతే, చెప్పకుండా ఇంజిన్ మార్చినావని ఇన్సూరెన్స్ వాడు చెయ్యి ఎత్తేదానికి దారి దొరకతాది. వారంటీ సంగతి చెప్పనక్కర్లేదు. కానీ ఆ నాలుగో ఉపసెక్షన్‌లో ఉండే పేరు యజమానిది. 45 వేలు తీసుకోని బిగించిన షాపు పేరు దాంట్లో లేదు. ఈఎంఐ కట్టేవాడే ఫైనూ కట్టాల.

షాపోడు ఒక్కడే దొంగా అంటే, కాదు. మన పల్లె మెకానిక్కు ఆ పగిలిన పైపుని స్కానర్‌తో పది నిమిషాల్లో పట్టుకోవాల్సింది. ఆయప్ప దగ్గర ఆ బండికి తగిన స్కానర్ లేదు, వైరింగ్ పటం లేదు. ఎందుకు లేదు? 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకి 2,544 కోట్ల పైచిలుకు జరిమానా వేసింది. నేరం ఏందంటే, విడిభాగాలు, రిపేరు సమాచారం, లోపం పట్టే పరికరాలు బయటి మెకానిక్కులకి అందనీకుండా చేసినారని. ఎంత పెద్ద మాట అది! ఆ తీర్పు తర్వాత అప్పీళ్ళల్లో నలిగింది. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల శాఖ 'రిపేరు హక్కు' కోసం కమిటీ వేసింది, కార్లు, ట్రాక్టర్లు, ఫోన్లు అన్నీ దాంట్లో ఉండాయి. ఆ డిసెంబర్‌లో పోర్టల్ కూడా తెరిచినారు. చట్టం మాత్రం రాలేదు. యజమానిని జైల్లో పెట్టే సెక్షన్ ఒక్క సవరణతో వచ్చేసింది, మెకానిక్కుకి స్కానర్ ఇప్పించే సెక్షన్‌కి మాత్రం కమిటీలు, పోర్టల్లు.

షాపోడు మోసం చేసినాడనుకుంటే బిల్లు పట్టుకోని 1915కి ఫోన్ చెయ్యండి, అది వినియోగదారుల హెల్ప్‌లైన్. బిల్లు మీద 'జనరల్ సర్వీస్' అని రాస్తే ఒప్పుకోవద్దు, ఏ వాల్వు, ఏ నంబరు, ఏ ప్రోగ్రాం అని రాయించండి. పాత వాల్వుని అడిగి తెచ్చుకోండి, పాత ప్రోగ్రాం కాపీ కూడా.

ఐటీఐలో డీజిల్ మెకానిక్కు చదివిన పిల్లోళ్ళని కొందరిని అడిగినా. టర్బో బొమ్మ పుస్తకంలో చూసినామన్నా, చేత్తో పట్టుకోలేదు అన్నారు. శ్రీసిటీకి భూములిచ్చిన పల్లెల్లో పిల్లోళ్ళు ఆ ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు మీద బోల్టులు బిగిస్తా ఉండారు, ఆ బోల్టు వెనకాల ఏముందో వాళ్ళకి చెప్పేవాళ్ళు లేరు. కలెక్టరు దగ్గర సోమవారం అర్జీలు తీసుకుంటారు కదా, ఈసారి గుంపుగా పొయ్యి ఒకటే అడగండి: మన ఐటీఐల్లో ఒక స్కానర్, ఒక చేతి వాక్యూమ్ పంపు, ఒక టర్బో బల్ల మీద పెట్టి నేర్పమనండి. టర్బో కొత్తది అక్కర్లేదు. స్క్రాప్ అంగట్లో పాడైనది చవగ్గా దొరకతాది. దాన్ని నిలువునా కోసి పెడితే వేస్ట్‌గేట్ కనపడతాది, డబ్బీ లోపల స్ప్రింగు కూడా కనపడతాది.